బుచ్చిగాడి వ్రతం

లోకంలో కొందరికి గొంతులో కాఫీ పడకపోతే తలనొప్పి. కొందరికి పక్కవాడిని తిట్టకపోతే అజీర్తి. మా నరసమ్మప్పకు ఒకటే జబ్బు. కథ ఏదైనా సరే, అది చెవిన పడినవాడి నోట్లో ప్రసాదం పడకుండా గుమ్మం దాటనిచ్చేది కాదు.

వ్రతం కథ విన్నాక ప్రసాదం అందరూ పెడతారు. తినకుండా లేచిపోతే కీడు జరుగుతుందని అందరూ భయపడతారు. అయితే నరసమ్మప్ప ఈ చట్టాన్ని దేవుళ్లతో ఆపలేదు. పేపరు వార్తకూ ప్రసాదమే, ఖరగ్‌పూర్ నుంచి వచ్చిన ఉత్తరానికీ ప్రసాదమే. వీధిలోకి జట్కా మీద సినిమా కరపత్రాలు వస్తే అందులో కథ సగం వేసి, ‘మిగతా వెండితెరపై’ అని ఉండేది. అది చదివి వినిపించి, సగం కథకు సగం బెల్లంముక్క పెట్టేది.

అసలు పేరు లక్ష్మీనరసమ్మ. విజయనగరంలో గంటస్తంభానికి దిగువన, గోగునార మిల్లు కూలీలుండే గోనెల వీధిలో మొదటి ఇల్లు ఆవిడదే. మరమరాల బట్టీ పెట్టుకుని బతికేది. మొగుడు పోయి చాలా ఏళ్లయింది, పిల్లల్లేరు. నాలుగో తరగతి దాకా చదివింది కనక మా వీధి పెద్దల్లో ఆవిడే పట్టభద్రురాలు. మా గోనెల వీధి ఎంత ఇరుకంటే, రెండు సైకిళ్లు ఎదురుపడితే ఒకటి ఎవరో ఒకరి వంటింట్లోంచి పోవాల్సిందే. ఒక ఇంట్లో పోపు పెడితే పదమూడు ఇళ్లవాళ్లు తుమ్మేవారు. అబద్ధమనుకుంటే మీ ఇష్టం. నేను చెప్పేదాంట్లో ముప్పావు నిజం, మిగిలిన పావు అంతకంటే నిజం.

నా పేరు గంగులు. ఆరో తరగతితో చదువుకు సెలవిచ్చేశాను. చదువు చాలా బతిమాలింది. నేనే వినలేదు.

ఒకసారి మా వీధి కుళాయి దగ్గర బిందెల తగువు జరిగి, విచారణకని కూర్మయ్య అనే కానిస్టేబులు వచ్చాడు. కళ్లారా చూసింది నరసమ్మప్పేనని ఎవరో చెప్పారు.

“జరిగిందేటో సెప్పమ్మా.”

“సెప్తాను బాబూ. ముందీ అచ్చింతలు సేతిలో ఎట్టుకో.”

“అచ్చింతలెందుకు?”

“కథ ఇంటావు కదా నాయినా. ఉట్టి సేతుల్తో ఇంటే ఆ బిందెలోళ్లకి మంచిది కాదు.”

కూర్మయ్య అక్షింతలు పట్టుకుని బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. అరగంట విన్నాడు. అక్షింతలు తన ఎర్రటోపీ మీదే చల్లుకున్నాడు. శేరు మరమరాలు, బెల్లం తిని, చెంబుడు మంచినీళ్లు తాగి వెళ్లిపోయాడు. కేసు ఎవరి మీద రాయాలో స్టేషనుకు వెళ్లాక కూడా గుర్తు రాలేదట. ఆ తరవాత వీధిలో తగువున్నా లేకపోయినా వారానికి రెండుసార్లు విచారణకు వచ్చేవాడు.

మరమరాలు కట్టడానికి పొట్లాలు కావాలి కదా. అప్ప పాత కాగితాలు బుట్టల లెక్కన తెచ్చుకునేది. మిగతా బట్టీలవాళ్లు గంటలో చుట్టే పొట్లాలు ఆవిడకు రోజంతా పట్టేవి. ప్రతి కాగితం చదివి గాని చింపేది కాదు. అరవై ఎనిమిదో సంవత్సరంలో, ఎండలు ముదరకముందు, అలాంటి బుట్టలోంచే ఒక పిల్లల నవల బయటపడింది. అట్ట లేదు. పేరు లేదు. ఎవరు రాశారో తెలియదు. అప్ప మొదటి పేజీ చదివింది. ఇక చింపడానికి చెయ్యి రాలేదు. సాయంత్రం నాలుగయ్యేసరికి వీధి పిల్లలందర్నీ అరుగు మీదికి పిలిచి, చేతుల్లో అక్షింతలు పెట్టి, మొదటి అధ్యాయం మొదలెట్టింది.

కలకత్తాలో ఒక ఇరుకు వీధి. అందులో మిల్లుకూలీ కొడుకు బుచ్చి. వానొస్తే కారే కప్పు. కుళాయి దగ్గర తగువులు. బుచ్చిగాడు ట్రాముల వెంట పరిగెత్తుతాడు, గాలిపటం కోసం మేడలెక్కుతాడు, తన్నులు తింటాడు. మేం నోళ్లు తెరుచుకుని విన్నాం.

“అప్పా, మన కుళాయి కలకత్తా ఎలగెల్లిపోనాది?” అంది నా చెల్లెలు చిన్నతల్లి. దానికి అప్పుడు ఆరేళ్లు.

“అదెక్కడికీ ఎల్లనేదే. అలాంటి కుళాయి ఊరూరా ఒకటుంటాది. ఊఁ, అచ్చింతలు ఎయ్యండి. ప్రసాదం తినండి.”

తొమ్మిదో అధ్యాయంలో బుచ్చిగాడు బడి గోడ దూకిన రోజున మా ఊళ్లో మిల్లు గేటుకు తాళం పడింది. పైవాళ్లకూ కూలీలకూ ఎక్కడో చెడింది. ఎప్పుడు తీస్తారో ఎవరికీ తెలియదు.

మా అయ్య సూరయ్య ఆ మిల్లులోనే గోనె నేసే మగ్గం మీద పనిచేసేవాడు. ఆయనకు ఆస్తి అంటూ ఏదైనా ఉంటే అది మెడ ఒక్కటే. అది వంగేది కాదు. తాళం పడిన రాత్రే మాకు ఆర్డరు వేశాడు.

“ఒరే గంగులూ, ఒసే సిన్నతల్లీ! ఎవరి గుమ్మంలోనైనా సెయ్యి సాపేరని తెలిసిందా, ఆ సెయ్యి ఇంటికి తేవద్దు.”

ఒక్క మా అయ్యే కాదు. వీధిలో పధ్నాలుగు ఇళ్లుంటే పధ్నాలుగు మెడలూ అంతే. మూడు రోజులకే డబ్బాల అడుగులు కనిపించాయి. మా అమ్మ బుల్లమ్మ పొయ్యి మీద ఉత్త నీళ్లు మరగబెట్టి, పక్కింటికి వినపడేలా గరిటె తిప్పేది. పక్కింట్లోంచీ అదే గరిటె మోత. “ఏటి వండేవొదినా?” అని వాళ్లడిగితే “మాకున్నాది లే” అనేది మా అమ్మ. వాళ్లూ అదే అనేవారు. ఇలా వీధి వీధంతా నీళ్లు వండుకుని, ‘మాకున్నాది’ నంజుకుని తిన్నాం.

సరిగ్గా అప్పుడే బుచ్చిగాడికి ఆకలెక్కువైంది.

అంతకుముందు వాడు తిండి ఊసే ఎత్తేవాడు కాదు. పన్నెండో అధ్యాయంలో గుప్పెడు ఉడికించిన శనగలు తిన్నాడు. ఆ రోజు మాకూ శనగలే. పదిహేనులో చోడి అంబలి, అదే రాగిజావ, తాగాడు. అరుగు మీద కుండెడు అంబలి దిగింది, దాంతోపాటు ఉల్లిపాయలూ దిగాయి.

“అంబలి ప్రసాదమేటప్పా?” అన్నాను నేను.

“ఆడు తాగిందే నైవేద్యం. నోరు మూసుకుని తాగు.”

“కలకత్తాలో సోళ్లు దొరుకుతాయేటి?”

“బుచ్చిగాడి అమ్మమ్మది బొబ్బిలి. రైల్లో పంపింది.”

ఆ అమ్మమ్మ ఏ రైలెక్కించి పంపేదో గాని, ఇరవయ్యో అధ్యాయం నాటికి బుచ్చిగాడు రోజూ నూకలన్నం, పప్పుచారు తింటున్నాడు. ఇరవై ఆరులో పులిహోర. ఒకరోజు ఆవ పెట్టిన పనసపొట్టు కూర తిని, ‘ఇంకొంచెం వెయ్యి’ అన్నాడు. మాకూ ఇంకొంచెం పడింది. పేదపిల్లవాడి కథ అని మొదలెట్టిన నవలలో హీరోకు బొజ్జ వస్తుందేమోనని నాకు దిగులు పట్టుకుంది.

ఇంటి దగ్గర మా అయ్య నిలదీశాడు. “ఏటి తిన్నావురా?”

“ప్రసాదం అయ్యా. కథకి పెట్టింది.”

మా అయ్య మెడ నిమురుకున్నాడు. “ప్రసాదమైతే వద్దనకూడదు” అన్నాడు. మిగతా పదమూడు మెడలూ అదే మాట మీద నిలబడ్డాయి.

అన్ని నూకలు ఎక్కడివంటారా? అప్ప గంటస్తంభం దగ్గర బియ్యం కొట్లకు వెళ్లి, “మా ఈదిలో వ్రతం సేస్తన్నాం బాబూ” అనేది. వ్రతమంటే కాదనే షావుకారెవడు? జగన్నాధం గారనే ఆయన ప్రతి వారం సగం బస్తా నూకలిచ్చేవాడు. ఒకరోజు తీర్థం పుచ్చుకుందామని సిల్కు పంచె కట్టుకుని స్వయంగా వచ్చేశాడు. మాకందరికీ పై ప్రాణాలు పైనే పోయాయి. ఆయన వచ్చి, పటం ఉండాల్సిన చోట అట్ట లేని పుస్తకం చూసి, అయినా దణ్ణం పెట్టి కూర్చున్నాడు.

“ఏ స్వామి తల్లీ?”

“బాలుడండీ. బుచ్చి.”

“బాలకృష్ణుడా?”

“అలగే అనుకోండి బాబూ.”

షావుకారు కళ్లు మూసుకుని విన్నాడు. ఆ రోజు బుచ్చిగాడు టిక్కెట్టు లేకుండా ట్రామెక్కి దొరికిపోయాడు. ఆయన ఒక కన్ను తెరిచాడు.

“స్వామి ట్రామెక్కాడా?”

“లీల అండీ” అన్నాను నేను. అబద్ధం అవసరమైన చోట నన్ను మించినవాడు జిల్లాలో లేడు. శ్రీకాకుళం జిల్లా కలుపుకున్నా లేడు.

ఆయన మా మొహాలు ఒక్కొక్కటే చూశాడు. మా పక్కటెముకలు లెక్కపెట్టడానికి పెద్ద చదువేమీ అక్కర్లేదు. అక్షింతలు పుస్తకం మీద వేసి, ప్రసాదం కళ్లకద్దుకుని, వెళ్తూ వెళ్తూ అన్నాడు: “అమ్మా, స్వామి రేపటినుంచి కందిపప్పు కూడా తింటాడేమో. పంపిస్తాను.”

ఇంత జరుగుతున్నా నాకు అనుమానం రాలేదు. అంతటి తెలివైనవాణ్ని. చివరికి అసలు సంగతి బయటపడింది కూడా నా గొప్పలవల్లే. “రేపటి కథలో ఏముందో ఇవాళే చెప్పగలను” అని వీధి పిల్లల ముందు కోతలు కోశాను. చెప్పమన్నారు. ముప్ఫై ఎనిమిదో అధ్యాయం విన్న మర్నాటి పొద్దున్న, అప్ప బజారుకు వెళ్లగానే కిటికీలోంచి దూరి పుస్తకం తెరిచాను.

ముప్ఫై తొమ్మిదో అధ్యాయం లేదు. ముప్ఫై ఎనిమిదీ లేదు. పుస్తకం మొత్తం పధ్నాలుగు అధ్యాయాలే. ఆ పధ్నాలుగింట్లో బుచ్చిగాడు తిన్నది మూడుసార్లు: ఉడికించిన శనగలు, దొంగిలించిన జామకాయ, ఆఖరి పేజీలో ఎండిపోయిన రొట్టె. చోడంబలి లేదు. పులిహోర లేదు. అమ్మమ్మ లేదు. బొబ్బిలి అసలే లేదు.

బుద్ధున్నవాడైతే పుస్తకం అక్కడే పెట్టి నోరు మూసుకుంటాడు. నేను ఒక్క పరుగున ఇంటికొచ్చాను.

“అయ్యా! అప్ప దొరికిపోనాది! కథ ఎప్పుడో అయిపోనాది! బుచ్చిగాడు తిన్నదంతా అప్ప కల్పించిందే!”

మా అయ్య నులకమంచం బిగిస్తున్నాడు. చేతిలో తాడు ఆగిపోయింది.

“అయితే అది ప్రసాదం కాదన్నమాట” అన్నాడు.

అంతే. మా అమ్మ నా వైపు ఒక చూపు చూసింది. ఆ చూపు ఇప్పటికీ నా వీపు మీద ఉంది.

సాయంత్రానికి వార్త పధ్నాలుగు ఇళ్లూ తిరిగింది. నాలుగు గంటలకు అప్ప అరుగు మీద అక్షింతల పళ్లెం, కుండ పెట్టుకుని కూర్చుంది. ఎవరూ రాలేదు. పిల్లలందరూ గుమ్మాల్లో నిలబడి దూరంనుంచే ఆ కుండను చూశారు. అప్ప చీకటి పడేదాకా కూర్చుని, కుండ లోపల పెట్టుకుంది. మర్నాడూ అంతే.

మూడో రోజు మధ్యాహ్నం చిన్నతల్లి నా పక్కన పడుకుని అడిగింది. “అన్నా, ఇవాల బుచ్చిగాడు ఏటి తింటాడు?”

“ఏటీ తినడు.”

“మరి ఆడికి ఆకలెయ్యదేటి?”

నేను లేచి అప్ప ఇంటికి వెళ్లాను. బట్టీ చల్లారి ఉంది. ఆవిడ కాగితాలు చదువుతూ కూర్చుంది.

“అప్పా, నానే సెప్పేశాను.”

“తెలుసు లేరా. ఈదిలో సదవడమొచ్చిన దొంగవి నువ్వొక్కడివే కదా.”

“ఇప్పుడెలగప్పా?”

అప్ప కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. “తప్పు నాదేరా. ఎంత తెలివితక్కువదాన్ని! పీటల మీద దంపతులు లేకుండా వ్రతం సేసేను. అలగైతే వ్రతం నిలబడతాదేటి?”

ఆ సాయంత్రమే పళ్లెంలో పసుపూ, తమలపాకులూ పెట్టుకుని మా గుమ్మం ముందుకొచ్చి నిలబడింది.

“సూరయ్యా, నీతో పనుండొచ్చాను. సాయం కావాలి.”

నెల రోజులుగా మా అయ్యను సాయమడిగినవాడు లేడు. ఆయన తడబడ్డాడు. “నా దగ్గరేటున్నాదప్పా, సాయం సెయ్యడానికి?”

“పెళ్లామున్నాది.”

లోపల మా అమ్మ గరిటె తిప్పడం ఆపేసింది.

“నాను మొగుడు పోయినదాన్ని. పీట మీద కూకోడానికి నేదు. సదువుతాను, వండుతాను, అంతవరకే. వ్రతానికి కర్తంటూ ఒకడుండాలి, పక్కని పెళ్లాముండాలి. ఆ ఇద్దరూ కూకుని ప్రసాదం పంచాలి. కర్త నేక బుచ్చిగాడు అలిగి కూకున్నాడు. మూడు రోజులై ముద్ద ముట్టలేదు.”

“అప్పా, పుస్తకం పద్నాలుగుతోనే అయిపోనాదట కదా” అన్నాడు మా అయ్య మెల్లిగా.

“అచ్చేసినోడు ఆపేశాడు. ఆడికి కాగితం సాల్లేదేమో, మనకేటి తెలుసు? బుచ్చిగాడు బతికే ఉన్నాడు కదా. రోజూ ఆకలేస్తాది కదా.”

మా అయ్య నేల చూశాడు. తరవాత చిన్నతల్లిని చూశాడు.

“పంచేది నానేనా?”

“నువ్వే. గరిటె నీ సేతిలోనే ఉంటాది. తీసుకునేవోళ్లం మేమే.”

మా అయ్య లోపలికి తిరిగి కేకేశాడు. “ఒసే బుల్లమ్మా, నా పెళ్లిపంచె ఎక్కడున్నాది?”

మర్నాడు మా అయ్యా అమ్మా కొంగులు ముడేసుకుని, అట్ట లేని నవల ముందు పీటల మీద కూర్చున్నారు. మా అయ్య గరిటె పట్టుకున్న తీరు చూస్తే అన్నదానం చేస్తున్న రాజనుకుంటారు. సూరయ్య పంచుతుంటే వద్దనడానికి మిగతావాళ్లకు కారణం దొరకలేదు. వారం తిరక్కుండా “సూరయ్యేనేటి, మేం తక్కువా?” అని పక్కింటి గణపతి పీటలకు పేచీ పెట్టాడు. ఆపైన వంతులేశారు. ఆరేళ్లుగా మాటల్లేని ఒక జంట వంతు కోసం పక్కపక్కన కూర్చోవాల్సొచ్చి, ఏడాది తిరిగేసరికి కవలలను కన్నారు. మిల్లు తాళం తీసే నాటికి అరవై ఏడో అధ్యాయంలో ఉన్నాం.

నేను చెప్పదలుచుకున్నది మాత్రం రెండో రోజు సంగతి.

మొదటి రోజు మా అయ్య అందరికీ వడ్డించి, చివర్న అప్ప వైపు తిరిగితే కుండ అడుగున గరిటె గీసుకుంది. “సదివినోళ్లు ఆఖర్నే తినాలి. నాకింట్లో ఉన్నాది లే” అంది అప్ప. మా అయ్య గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఉన్నాది లే అన్న మాటకు అర్థం మా వీధిలో ఎవరికి తెలియదు?

రెండో రోజు అప్ప పుస్తకం తెరవబోతుంటే మా అయ్య చెయ్యి చాపి అందుకున్నాడు.

“ఆగప్పా. ఇవాల నాను సదువుతాను.”

మా అయ్య మిల్లులో జీతానికి వేలిముద్ర వేసే మనిషి. ఆయన పుస్తకాన్ని ఒళ్లో పెట్టుకుని, ఒక పేజీ తీసి, దాని మీద వేలుంచి, గట్టిగా మొదలెట్టాడు.

“నలభయ్యో అధ్యాయం. బుచ్చిగాడు ఆకు ముందు కూకున్నాడు. కూకుని, తిననన్నాడు. ఎందుకురా తినవంటే, కథ సెప్పినామె తినకుండా నాను ముట్టనన్నాడు. ఆమెకే ముందు పెట్టాలన్నాడు.” రెండో చేత్తో గరిటె అందుకున్నాడు. “అంతే. అధ్యాయం అయిపోనాది.”

“నా పుస్తకంలో అలగ నేదే, సూరయ్యా!”

“ఇదిగో, ఇక్కడున్నాది. సూడు.”

నేను మెడ సాచి చూశాను. మా అయ్య వేలి కింద ఉన్నది అచ్చాఫీసు చిరునామా.

అప్ప కళ్లజోడు పెట్టుకుని వంగింది. ఆ చిరునామాను చాలాసేపు చదివింది.

“ఓలమ్మ, అవును సుమా! ఇన్నాళ్లూ నా కంట పడనేదు.”

మా అయ్య మొదటి గరిటె ఆవిడ ఆకులో వేశాడు. వీధంతా చేతుల్లో అక్షింతలతో చూస్తూ కూర్చుంది. అప్ప ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది. నమిలింది. మొహం చిట్లించింది.

“ఓరి మీ ఇల్లు బంగారం గానూ! ఇన్నాళ్లూ ఉప్పు ఇంత తక్కువేసి పెడతన్నానేటర్రా? ఇంతమంది తిన్నారు, ఒక్కడంటే ఒక్కడు సెప్పేడు కాదే!”